ఎంఆర్ఐ ఏం చూపిస్తుంది, ఏం చూపించదు

నడుం నొప్పితో ఎంఆర్ఐ తీయించుకున్న నలభై ఏళ్ల మనిషి రిపోర్టులో ‘ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్’ అని ఉంటుంది, అంటే నడుం పూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ ఉబ్బిందని. ఆ ఒక్క మాటతో ఇల్లంతా టెన్షన్. పొలం పనికి పోవద్దంటారు, బండి నడపొద్దంటారు, ఆపరేషన్‌కు ఎంతవుతుందో తెలిసినవాళ్లను అడగడం మొదలుపెడతారు. ఏ నొప్పీ లేని అతని తోడల్లుణ్ని తీసుకెళ్లి అదే మిషన్‌లో పడుకోబెట్టినా రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అన్న మాట వచ్చే అవకాశం సగానికి సగం ఉంది. ఇది ఊహించి చెబుతున్నది కాదు. నడుం నొప్పి లేని 3,110 మంది స్కాన్ల వివరాలను 33 అధ్యయనాల నుంచి పోగుచేసి 2015లో ఒక పరిశోధక బృందం లెక్క తీసింది. నలభై ఏళ్ల వయసులో, ఏ నొప్పీ లేనివాళ్లలోనే, 50 శాతం మందికి డిస్క్ ఉబ్బు, 68 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించాయి. ఎనభై ఏళ్లకు వచ్చేసరికి అవి 84, 96 శాతం అయ్యాయి.

ఇది ఒక పక్క. ఇంకో పక్క, నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లలో కాళ్లు రోజురోజుకూ బిగుసుకుపోతున్నా, నడక తప్పుతున్నా ‘ఈ నీళ్లు తాగినోళ్లకు మామూలే’ అనుకొని ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు. వాళ్లకు ఎంఆర్ఐ చాలా ముందే జరగాల్సింది.

అడిగిన ప్రశ్నకు ఎంఆర్ఐ చక్కగా జవాబు చెబుతుంది. ప్రశ్న లేకుండా తీస్తే అందులో కనిపించేవాటిలో ఏది జబ్బో, ఏది వయసుతో వచ్చిన మార్పో తేల్చుకోలేక మనిషి నలిగిపోతాడు. ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు ఆ మిషన్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

నీటిని చదివే మిషన్

మన ఒంటి బరువులో సుమారు 60 శాతం నీరే. నీటి ప్రతి అణువులోనూ రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. కొవ్వులోనూ హైడ్రోజన్ దండిగా ఉంటుంది. హైడ్రోజన్ పరమాణువు నడిమధ్య ఉండేది ఒకే ఒక్క ప్రోటాన్, అది ఒక అతి చిన్న అయస్కాంతం. మామూలప్పుడు ఈ ప్రోటాన్లు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి బయటికి ఏ ప్రభావమూ తెలియదు.

మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే ఎంఆర్ఐ మిషన్ల బలం 1.5 టెస్లా. కొన్నిచోట్ల 3 టెస్లావి ఉన్నాయి. 1.5 టెస్లా అంటే భూమికి ఉన్న అయస్కాంత బలానికి ముప్పై వేల రెట్ల పైమాటే. అందులోకి మనిషి వెళ్లగానే ప్రోటాన్లు ఆ అయస్కాంతం దారికి వస్తాయి. నిజానికి అన్నీ రావు. అటు తిరిగినవి, ఇటు తిరిగినవి చెల్లుకు చెల్లు పోగా పది లక్షలకు ఐదు లెక్కన మాత్రమే మిగులుతాయి. ఆ ఐదే చాలు, ఎందుకంటే గోరంత కండలో కూడా ప్రోటాన్లు లెక్కకందనన్ని ఉంటాయి.

అప్పుడు మిషన్ ఒక రేడియో తరంగాన్ని పంపుతుంది. ఏ తరంగమైతే అది పనిచేయదు. ఊయలను దాని ఊపుకు సరిపోయే అదనులో నెడితేనే పైపైకి పోతుంది, ఎప్పుడుపడితే అప్పుడు నెడితే ఆగిపోతుంది. ప్రోటాన్లకూ అట్లాంటి సొంత ఊపు ఉంది. 1.5 టెస్లా దగ్గర అది సెకనుకు సుమారు 6.4 కోట్ల సార్లు, అంటే 64 మెగాహెర్ట్జ్. మనం వినే ఎఫ్ఎం రేడియో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్యలో వస్తుంది. అంటే ఎంఆర్ఐ వాడుకునేది ఎఫ్ఎంకు కాస్త దిగువన ఉండే రేడియో తరంగాలనే. ఆ తరంగం తాకగానే ప్రోటాన్లు శక్తి పుచ్చుకొని పక్కకు ఒరుగుతాయి. తరంగం ఆపగానే మళ్లీ కుదురుకుంటూ సన్నటి రేడియో సంకేతాన్ని వదులుతాయి. తల చుట్టూనో, మోకాలి చుట్టూనో, నడుం కిందనో పెట్టే కాయిల్ (తీగచుట్టు) ఆ సంకేతాన్ని పట్టుకుంటుంది.

జబ్బు సంగతి తెలిసేది ఇక్కడే. ప్రోటాన్లు ఎంత త్వరగా కుదురుకుంటాయనేది అవి ఉన్న చోటును బట్టి ఉంటుంది. కొవ్వులో తొందరగా, పలచని నీటిలో నిదానంగా కుదురుకుంటాయి. వాపు వచ్చినచోట, చీము పట్టినచోట, చాలా రకాల గడ్డల్లో నీటి పాలు పెరుగుతుంది. దాంతో కుదురుకునే వేగం మారి, చిత్రంలో ఆ చోటు చుట్టుపక్కల కంటే తెల్లగానో నల్లగానో తేలుతుంది. అమెరికాలో రేమండ్ డమాడియన్ 1971లో ఎలుకల గడ్డల మీద ఈ తేడాను గమనించారు. సంకేతం ఒంట్లో ఏ మూల నుంచి వస్తోందో తెలుసుకుని చిత్రంగా మార్చే ఉపాయాన్ని పాల్ లాటర్‌బర్ 1973లో చూపించారు. అయస్కాంత బలాన్ని ఒక కొస నుంచి ఇంకో కొసకు కొద్దికొద్దిగా మారేట్టు చేస్తే ప్రోటాన్ల ఊపు కూడా చోటును బట్టి మారుతుంది. ఆ తేడాయే వాటి అడ్రస్ చెబుతుంది. బ్రిటన్‌కు చెందిన పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానికి గణితాన్ని, వేగాన్ని జోడించారు. లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. డమాడియన్‌కు రాకపోవడం మీద పెద్ద వివాదమే నడిచింది.

మిషన్‌లో పడుకున్నవాళ్లను భయపెట్టే ఆ ‘డగడగడగ’ మోత కూడా ఈ అడ్రస్ పని వల్లే వస్తుంది. అయస్కాంత బలాన్ని మార్చే కాయిళ్లలో కరెంటు చకచకా మారుతుంటే అవి అదిరిపోతాయి. మిషన్ చెడిపోయి వచ్చే చప్పుడు కాదది.

ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో ఉండే రేడియేషన్ ఎంఆర్ఐలో లేదు. నల్లగొండ జిల్లా లంబాపురం-పెద్దగట్టులో, నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని పోరాడిన జనం మనం. రేడియేషన్ పేరెత్తితే ఉలిక్కిపడటంలో తప్పు లేదు. కానీ ఈ మిషన్‌లో రేడియోధార్మిక పదార్థమేదీ ఉండదు. ఉన్నది అయస్కాంతం, రేడియో తరంగాలు, కంప్యూటర్ అంతే.

నీటినీ కొవ్వునూ చూస్తుంది కాబట్టి మెదడు, వెన్నుపాము, నరాలు, కండరాలు, కీళ్లలోని గుజ్జు, లిగమెంట్లు, గర్భసంచి, కాలేయం దీనికి బాగా కనిపిస్తాయి. ఎముక పై గట్టి పొరలో, ఊపిరితిత్తుల్లోని గాలిలో సంకేతమిచ్చే నీరు చాలా తక్కువ, అందుకే అవి నల్లగా ఉండిపోతాయి. తలకు దెబ్బ తగిలి రక్తస్రావమేమోనని అనుమానమున్నప్పుడు, ఊపిరితిత్తుల జబ్బుకు, కిడ్నీలో రాయికి సీటీ స్కానో అల్ట్రాసౌండో ముందు రాస్తారు. ‘పెద్ద స్కాన్ రాయకుండా చిన్న స్కాన్ రాశారు’ అని డాక్టరును తప్పుపట్టాల్సిన పనిలేదు.

ఫ్లోరైడ్ ఊళ్లలో

నల్లగొండ జిల్లాకు ఈ పరీక్షతో ప్రత్యేకమైన సంబంధం ఉంది. ఇక్కడి గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ కరిగి భూగర్భజలంలో కలుస్తుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోర్ల నీళ్లు ఆ హద్దును ఎంతగానో దాటాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందిస్తే దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే పడింది. మిషన్ భగీరథ పథకంతో కృష్ణా నీళ్లు వచ్చాక కొత్త తరానికి ముప్పు తగ్గింది. కానీ ముప్పై నలభై ఏళ్లు ఆ బోరు నీళ్లు తాగిన పెద్దల ఎముకల్లో చేరింది మాత్రం వెనక్కి పోదు.

ఫ్లోరైడ్ ఎముకను గట్టిగా, మందంగా చేస్తుంది. ఎక్స్‌రేలో వెన్నుపూసలు సుద్దలా తెల్లగా కనిపిస్తాయి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర కూడా సున్నం పట్టి గట్టిపడుతుంది. అది చూస్తేనే డాక్టరుకు ఫ్లోరోసిస్ గుర్తొస్తుంది. కాబట్టి ఫ్లోరోసిస్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఎక్స్‌రే, మూత్ర పరీక్ష, నీటి పరీక్ష సరిపోతాయి. ఒంట్లో ఎంత ఫ్లోరైడ్ ఉందో ఎంఆర్ఐ చెప్పదు.

ఎంఆర్ఐ చెప్పేది ఇంకోటి ఉంది. వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లు కూడా ఎముకలా మారి లావెక్కుతాయి. వెన్నుపాము దిగే గొట్టం ఇరుకైపోతుంది. ఎక్స్‌రేలో గట్టిపడిన ఎముక కనిపిస్తుందే తప్ప లోపల నలుగుతున్న వెన్నుపాము కనిపించదు. ఎంఆర్ఐలో నల్లటి ఎముక మధ్య బూడిద రంగు వెన్నుపాము, దాని చుట్టూ తెల్లగా వెన్నునీరు స్పష్టంగా తేలతాయి. ఎక్కడ ఆ తెల్లటి గీత మాయమైందో అక్కడ చోటు లేకుండా పోయిందన్నమాట. వెన్నుపాము లోపలే తెల్లటి మచ్చ కనిపిస్తే ఆ చోట అది దెబ్బతినడం మొదలైందని అర్థం. ఆపరేషన్ చేసి ఒత్తిడి తీయాలా, తీస్తే ఎంతవరకు లాభం అన్నది తేల్చడానికి ఈ చిత్రం కావాలి.

ఇక్కడే ఒక పొరపాటు జరగడానికి ఆస్కారముంది. మనిషి వచ్చి ‘కాళ్లు లేస్తలేవు, నడుం పట్టేసింది’ అంటాడు. కాళ్లు, నడుం అన్నాడు కాబట్టి నడుం భాగానికి మాత్రమే ఎంఆర్ఐ రాస్తారు. వెన్నుపాము నడుం కింది దాకా రాదు. మొదటి నడుం పూస దగ్గరే, ఎల్1 అంటారు దాన్ని, ముగిసిపోతుంది. ఆ కింద ఉండేవి నరాల కట్టలే. కాళ్లు బిగుసుకుపోవడం, నడుస్తుంటే కత్తెర పడ్డట్టు కాళ్లు ఒకదానికొకటి అడ్డం రావడం, చేతివేళ్లతో గుండీ పెట్టుకోవడం కష్టమవడం లాంటివి ఉంటే ఒత్తిడి మెడ దగ్గరో వీపు మధ్యలోనో ఉండొచ్చు. నడుం స్కాన్‌లో అది కనిపించదు. మనిషి నిశ్చింతగా ఇంటికి పోతాడు, ఏడాదికి మంచం పడతాడు. ఫ్లోరైడ్ ఊళ్లలో పెరిగిన మనిషికి ఈ లక్షణాలుంటే ఆ ఊరి సంగతి డాక్టరుకు చెప్పి, మెడ, వీపు కూడా చూడాలా అని అడగాలి. మొత్తం వెన్నును ఒక్కసారి పైపైన చూసే స్క్రీనింగ్ చిత్రాలు కొన్ని నిమిషాల పనే.

పాలమూరు నడుం

మహబూబ్‌నగర్ వైపు కథ ఇంకో రకం. ‘పాలమూరు లేబర్’ అంటే దేశంలో డ్యాములు, కాలువలు, బిల్డింగులు కట్టిన చేతులు. ఇటుకలు, సిమెంటు బస్తాలు, రాళ్లు ఎత్తి ఎత్తి ఎన్నో నడుములు అరిగాయి. ఇప్పుడు వాళ్లంతా యాభై, అరవైల్లో ఉన్నారు. నొప్పి నిజం, బాధ నిజం. ‘డాక్టర్ సాబ్, ఒక్కసారి ఎంఆర్ఐ రాయుండ్రి’ అని వాళ్లే అడుగుతారు. కొన్నిచోట్ల డాక్టరు దాకా పోకుండానే ఊరి ఆర్ఎంపీ చీటీ మీద నేరుగా స్కాన్ సెంటర్‌కు పోతారు. స్కాన్‌కు పంపినవాళ్లకు వాటా అందే పద్ధతి ఉన్నంతకాలం ఈ దారి మూసుకుపోదు. ఇది అన్యాయం అని గట్టిగానే అంటాను, ఎందుకంటే ఆ వేల రూపాయలు కూలి డబ్బులు.

కొత్తగా వచ్చిన నడుం నొప్పి ఎక్కువమందిలో ఆరు వారాల్లోపే తగ్గుముఖం పడుతుంది. ప్రమాద సూచనలేవీ లేకపోతే ఆ ఆరు వారాలు స్కాన్ అవసరం లేదన్నదే చాలా దేశాల వైద్య మార్గదర్శకాల మాట. జారిన డిస్క్ ముక్క కూడా చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే కుంచించుకుపోతుంది. ఆపరేషన్ ఆలోచన వచ్చినప్పుడు, కాలులోకి పాకే నొప్పి వారాలు గడిచినా తగ్గనప్పుడు ఎంఆర్ఐకి పని ఉంటుంది. ఏ నరం ఒత్తుకుంటోందో, నొప్పి పాకే దారి ఆ నరం దారీ ఒకటేనా కాదా అన్నది అప్పుడు ముఖ్యం. ఎడమ కాలు నొప్పి ఉన్న మనిషికి స్కాన్‌లో కుడి పక్క ఉబ్బు కనిపిస్తే ఆ ఉబ్బు ఆ నొప్పికి కారణం కాదు.

ఆలస్యం చేయకుండా వెంటనే తీయించాల్సిన సందర్భాలున్నాయి. మూత్రం, మలం మీద పట్టు తప్పడం, కూర్చునే చోట తిమ్మిరి, కాలు పట్టు తప్పి చెప్పు జారిపోవడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే వెన్ను టీబీ కావచ్చు. మన దేశంలో ఇది అరుదైన జబ్బేం కాదు. ఎక్స్‌రేలో పూస దెబ్బతిన్నట్టు కనపడకముందే ఎంఆర్ఐలో ఎముక మజ్జలో వాపు, పక్కన చీము కనిపిస్తాయి. అంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్లకు, పైనుంచి పడ్డవాళ్లకు నడుం నొప్పి వచ్చినా ఆరు వారాలు ఆగే మాటే లేదు.

పక్షవాతానికి టైమే మందు

మూతి వంకరపోయి, ఒక చేయి పడిపోయి, మాట తడబడితే మొదట చేయాల్సింది 108కి ఫోన్. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షన్ 4.5 గంటల్లోపు ఇస్తేనే పనిచేస్తుంది. అచ్చంపేట నుంచో దేవరకొండ అవతలి తండా నుంచో బయల్దేరితే ఆ టైమ్‌లో చాలా భాగం రోడ్డు మీదే పోతుంది. పసరు మందు పోయించుకొని వస్తే ఇక మిగిలేదేం లేదు.

ఇక్కడ ముందు తీసేది మామూలుగా సీటీ. మెదడులో రక్తనాళం చిట్లిందా లేదా అన్నది అది నిమిషాల్లో చెబుతుంది. చిట్లితే ఆ ఇంజక్షన్ ఇవ్వకూడదు. రక్తం అందక మెదడు దెబ్బతిన్న చోటు మాత్రం మొదటి గంటల్లో సీటీలో సరిగా కనపడకపోవచ్చు. ఎంఆర్ఐలో డిఫ్యూజన్ అనే సీక్వెన్స్, అంటే చిత్రం తీసే ఒక పద్ధతి, ఉంటుంది. నీటి అణువుల కదలిక తగ్గిన చోటును అది పట్టుకుంటుంది, స్ట్రోక్ మొదలైన కొద్ది నిమిషాలకే. అయినా దగ్గర్లో సీటీ ఉండగా ఎంఆర్ఐ కోసం ఇంకో ఊరికి పరుగెత్తడం మంచిది కాదు. డాక్టరు ఏది ముందంటే అదే చేయించాలి.

ఫిట్స్ వచ్చినవాళ్లకు ఎంఆర్ఐ ఇంకో రకంగా పనికొస్తుంది. మెదడులో పురుగు గుడ్ల వల్ల వచ్చే చిన్న తిత్తులో, కణత వైపు ఉండే టెంపోరల్ భాగంలో పాత మచ్చలో, గడ్డో చూపించి చికిత్స ఏ దారిలో వెళ్లాలో చెబుతుంది. కబడ్డీలో మోకాలు తిరిగి లిగమెంట్ తెగితే ఎక్స్‌రేలో కనిపించదు, ఇందులో తెలుస్తుంది. తొడ ఎముక తలకు రక్తం అందకపోతే ఎక్స్‌రేలో కంటే ముందే ఇందులో తెలుస్తుంది. పిత్తనాళంలో రాళ్లు, భగందరం (మలద్వారం పక్కన పడే పుండు) దారి, గర్భసంచి గడ్డలు, ప్రోస్టేట్, పెద్దపేగు చివర క్యాన్సర్ ఎంత లోతుకు పాకిందన్నది కూడా దీనితో చూస్తారు.

పుస్తెలతాడుకు పిన్నీసు

మిషన్‌లోని అయస్కాంతాన్ని స్కాన్ అయిపోగానే ఆపేస్తారని చాలామంది అనుకుంటారు. ఆపరు. అది ద్రవ హీలియంలో, మైనస్ 269 డిగ్రీల చల్లదనంలో ఉండే తీగచుట్టు. ఒకసారి కరెంటు ఎక్కించాక అడ్డంకి లేకుండా తిరుగుతూనే ఉంటుంది. రాత్రి, పగలు, పవర్ పోయినా సరే అయస్కాంతం అయస్కాంతమే. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రి ఎంఆర్ఐ గదిలోకి రోగి బంధువు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకొని వెళ్తే మిషన్ దాన్ని లాగేసింది, అతని ప్రాణం పోయింది. ఆ గది తలుపు దగ్గర స్టాఫ్ గద్దించి ఆపితే కోపం తెచ్చుకోకూడదు.

మన దగ్గర మగవాళ్లకు ఫోను, తాళంచెవులు, బెల్టు, మొలతాడుకున్న తాయెత్తు గుర్తుచేస్తే సరిపోతుంది. ఆడవాళ్ల సంగతి అట్లా కాదు. బంగారు పుస్తెలను, వెండి మెట్టెలను అయస్కాంతం లాగదు. కానీ పుస్తెలతాడుకు నాలుగైదు పిన్నీసులు తగిలించుకోవడం మన ఇళ్లలో అలవాటు, చీర కుచ్చిళ్ల దగ్గర ఒకటి, జాకెట్ భుజం దగ్గర ఇంకొకటి ఉంటాయి. అవి ఉక్కువి. ఎగిరొచ్చి కంట్లో గుచ్చుకునే వస్తువులు. బంగారం, వెండి కూడా రేడియో తరంగాలకు వేడెక్కవచ్చు, చిత్రంలో ఆ చుట్టుపక్కలంతా చెరిపేసినట్టు అయిపోతుంది. అందుకే అన్నీ తీయమంటారు.

పుస్తెలు తీయాలంటే పెద్దవాళ్లకు మనసొప్పదు. పసుపు తాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేసుకొని వస్తే ఏ ఇబ్బందీ లేదు, దారానికి అయస్కాంతంతో పని లేదు. ఇంటి దగ్గరే ఆ ఏర్పాటు చేసుకొని రావచ్చు. కాళ్ల కడియాలు, ముక్కుపుడక ఏళ్లుగా తీయక బిగుసుకుపోయి ఉంటే ముందురోజే కంసాలి దగ్గర తీయించుకోవాలి. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి వచ్చే లంబాడా పెద్దమ్మల బట్టలకు బిళ్లలు, నాణేలు కుట్టి ఉంటాయి. వాళ్లకు మార్చుకోవడానికి శుభ్రమైన గౌను, తోడుగా ఒక ఆడమనిషి, తీసిన నగలను వాళ్ల మనిషి చేతికే ఇచ్చే పద్ధతి ఉండాలి. ఇది స్కాన్ సెంటర్ల బాధ్యత. కాటుక, కొన్ని మేకప్‌లలో ఇనుము కలిసి ఉండొచ్చు, కడుక్కొని రావాలి. పచ్చబొట్టు ఉంటే అరుదుగా వెచ్చగా అనిపించవచ్చు, అనిపిస్తే చెప్పాలి.

ఒంటి లోపలి లోహాలకు వస్తే, కాలు విరిగి రాడ్డు వేసినవాళ్లంతా ఎంఆర్ఐకి పనికిరారనే భయం ఎక్కువమందిలో ఉంది. ఇప్పుడు వాడే రాడ్లు, ప్లేట్లు, కీళ్ల మార్పిడి సామాను, గుండె స్టెంట్లు ఎక్కువ భాగం ఇబ్బంది పెట్టవు. పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన పాత క్లిప్, చెవిలో అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే మాత్రం ఆ కంపెనీ కార్డు చూపించకుండా లోపలికి పోకూడదు. వెల్డింగ్, లేత్ పని చేసేవాళ్లు కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడి ఉంటే తప్పకుండా చెప్పాలి. కంట్లో మిగిలిన చిన్న ముక్క కదిలితే చూపు పోవచ్చు. ఫారంలో ఈ ప్రశ్నలు ఉంటాయి, చాలాసార్లు ఇంగ్లిష్‌లో. చదవకుండా సంతకం పెట్టవద్దు, తెలుగులో చెప్పించుకోవాలి.

కాంట్రాస్ట్, ఇరుకు, చప్పుడు

గడ్డలు, ఇన్ఫెక్షన్లు, ఆపరేషన్ చేసిన చోటు బాగా తెలియడానికి గాడోలినియం అనే మందును నరంలోకి ఇస్తారు. సీటీలో ఇచ్చే అయోడిన్ మందు వేరు, ఇది వేరు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు పాత రకం గాడోలినియం మందులతో చర్మం గట్టిపడే ప్రమాదకరమైన జబ్బు వచ్చిన దాఖలాలున్నాయి. కొత్త రకాలతో ఆ ముప్పు చాలా తక్కువ. అయినా షుగర్, బీపీ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) రిపోర్టు వెంట తెచ్చుకోవాలి. గర్భిణులకు అవసరమైతే ఎంఆర్ఐ తీస్తారు, గాడోలినియం మాత్రం మామూలుగా ఇవ్వరు.

మిషన్ గొట్టం వెడల్పు 60 లేదా 70 సెంటీమీటర్లు. ఇరుకంటే భయపడేవాళ్లకు లోపల ఊపిరాడనట్టు అనిపిస్తుంది. రెండు పక్కలా తెరిచే ఉంటుంది, గాలి వస్తుంది, లైటు ఉంటుంది. చేతికి ఒక రబ్బరు బుడ్డి ఇస్తారు, నొక్కితే టెక్నీషియన్ వెంటనే పలుకుతాడు. భయమున్న సంగతి ముందే చెబితే కొంచెం మత్తు మందు ఇచ్చే ఏర్పాటు కూడా చేస్తారు, చిన్నపిల్లలకు ఇచ్చినట్టు. చెవులకు ఇయర్‌ప్లగ్గులో హెడ్‌ఫోనో తప్పనిసరి. ఇరవై నుంచి నలభై నిమిషాలు కదలకుండా ఉంటేనే చిత్రం సరిగా వస్తుంది. నడుం నొప్పితో వెల్లకిలా అంతసేపు పడుకోలేనివాళ్లు మోకాళ్ల కింద దిండు పెట్టమని అడగాలి.

రిపోర్టు చేతికొచ్చాక

‘మైల్డ్ డిఫ్యూజ్ బల్జ్’, ‘డిస్క్ డెసికేషన్’, ‘డీజనరేటివ్ చేంజెస్’ లాంటి మాటలు నలభై దాటిన ఎవరి రిపోర్టులోనైనా కనిపించేవే. డెసికేషన్ అంటే డిస్క్‌లో నీరు తగ్గిందని, డీజనరేటివ్ అంటే అరుగుదల అని, అంతే. పూసలో ‘హీమాంజియోమా’ అని ఉంటే అది చాలావరకు అపాయం లేని రక్తనాళాల ముద్ద. అరవై దాటినవాళ్ల మెదడు స్కాన్‌లో ‘స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్’ (సన్నటి రక్తనాళాల్లో రక్తం సరిగా అందక వచ్చిన మార్పులు) అని ఉంటే బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోమని హెచ్చరిక. కాళ్లల్లోకి వణుకు పుట్టించే మాటలు వేరే ఉన్నాయి. ‘కార్డ్ కంప్రెషన్’ (వెన్నుపాము నలగడం), ‘కార్డ్ సిగ్నల్ చేంజ్’ (వెన్నుపాములో మచ్చ), ‘కాడా ఈక్వైనా కంప్రెషన్’ (వెన్నుపాము కింది నరాల కట్ట నలగడం), ‘ఆబ్సెస్’ (చీము గడ్డ) లాంటివి కనిపిస్తే ఆ రోజే న్యూరో డాక్టరునో వెన్ను సర్జన్‌నో కలవాలి. చివర్లో రాసే ‘క్లినికల్ కోరిలేషన్’ అన్న మాట రేడియాలజిస్టు డాక్టరుకు చెబుతున్నది. నేను చిత్రం చూశాను, మనిషిని మీరు చూసి కలిపి తేల్చండి అని. కాలు లేపించి, రిఫ్లెక్స్ సుత్తితో కొట్టి, నడిపించి చూసే డాక్టరు లేకుండా ఆ కాగితం ఆపరేషన్ చేయమని చెప్పదు.

1.5 టెస్లా కంటే 3 టెస్లా మంచిదా అని అడుగుతారు. చిన్న నరాలు, కొన్ని మెదడు జబ్బులు, ప్రోస్టేట్‌కు మూడు మెరుగు. నడుం, మోకాలు లాంటి మామూలు పనులకు 1.5 నిక్షేపంలా సరిపోతుంది. ఒంట్లో లోహం ఉన్నవాళ్లకైతే 1.5 దగ్గరే చిత్రం తక్కువ చెదురుతుంది. డబ్బుల సంగతికొస్తే, చేరబోయే చికిత్స ఆరోగ్యశ్రీలో ఉందా, స్కాన్ ఖర్చు దాంట్లో కలుస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. బయట డబ్బు కట్టి తీయించాక అడిగితే లాభముండదు.

ఫిల్ముల మీద ఎంపిక చేసిన చిత్రాలే ఉంటాయి, మిషన్ తీసినవన్నీ ఉండవు. అందుకే సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ అడిగి తీసుకోవాలి. నల్లగొండలో తీసిన స్కాన్ నిమ్స్‌కో బీబీనగర్ ఎయిమ్స్‌కో పట్టుకెళ్తే అక్కడి డాక్టరు ఆ సీడీలో చూసి మళ్లీ తీయించే పని తప్పించవచ్చు. పాత స్కాన్ ఉంటే దాన్ని కొత్త స్కాన్ రోజునే సెంటర్‌లో ఇవ్వాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే గడ్డ పెరిగిందో, వెన్నుపాము మీద ఒత్తిడి తగ్గిందో రేడియాలజిస్టు రాయగలుగుతాడు.